48 ఫ్లాట్ల తడి చెత్త కంపోస్టు: వాసన, పురుగులు, 24 గంటల మెషీన్ కొనాలా?

మియాపూర్_48 అడిగిన ప్రశ్న

హైదరాబాద్ మియాపూర్‌లో 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండు నెలలుగా తడి చెత్తను ఆవరణలోనే కంపోస్టు చేస్తున్నాం. ర్యాంపు పక్కన ఇటుక తొట్లు రెండున్నాయి. ఒక్కోటి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. అడుగున సిమెంటు, గోడలకు ఎక్కడా కన్నాల్లేవు. రోజుకు దాదాపు 35 కిలోలు పడుతోంది. పైన కాస్త నానబెట్టిన కోకోపీట్ (దిమ్మలుగా దొరికే కొబ్బరి పొట్టు) చల్లుతున్నారు.

ఇప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన, అడుగున నల్లటి నీళ్లు, నిండా పురుగులు. వాచ్‌మన్ రోజూ బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాడు, అయినా తగ్గడం లేదు. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు కిటికీలు తెరవలేకపోతున్నారు. ఒక కంపెనీ వాళ్లు వచ్చి 24 గంటల్లో ఎరువు చేసే కరెంటు మెషీన్ కొనమంటున్నారు. ఆదివారం మీటింగ్. తొట్లు బాగు చేసుకోవచ్చా, మెషీనే దారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎరువుబుట్ట

బాగు చేసుకోవచ్చండి. మీ తొట్టికి గాలి లేదు, ఎండుటాకుల్లాంటి ఎండు సరుకు చాలదు. మిగతావన్నీ ఆ రెండింటి వల్ల వచ్చినవే.

వంటింటి చెత్తలో నాలుగింట మూడు వంతుల పైన నీరే. అది సిమెంటు తొట్లో దిగి కూర్చుంటే గాలి ఆడదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది, కుళ్ళిన గుడ్ల వాసన దాని నుంచే. జవహర్‌నగర్ డంప్ యార్డులో గుట్టల అడుగున జరిగేదీ, మీ తొట్లో జరిగేదీ ఒకటే.

ముందు గోడ. మీటర్ ఎత్తు వరకు వరస విడిచి వరస, ఒక ఇటుక తీసేయించి జాలీలా చేయించండి. లోపల సన్న కన్నాల మెష్ కొట్టండి, ఎలుకలు దూరకుండా. 4 అంగుళాల పీవీసీ పైపుకు చుట్టూ 10 మిల్లీమీటర్ల కన్నాలు పెట్టి తొట్టి మధ్యలో రెండు నిలబెట్టండి. అడుగున నీరు పోయేందుకు ఒక మూల కన్నం, దాని కింద బకెట్.

ఇక నింపడం. అడుగున అరడుగు మందాన ఎండు పుల్లలు, కొబ్బరి పీచు. ఆపైన చెత్త రెండంగుళాలకు మించకుండా పరచి, ఎండు సరుకు కప్పాలి. 35 కిలోలకు 8 నుంచి 10 కిలోల ఎండు సరుకు కావాలి. తూచే ఓపిక లేకపోతే బకెట్ చెత్తకు బకెట్టున్నర నలిపిన ఎండుటాకులు. మీరు చల్లేది ఇందులో పదో వంతు కూడా ఉండదు. పైగా కోకోపీట్ నానబెట్టి వేస్తున్నారు! నీళ్లు పీల్చాల్సినదాన్ని నీళ్లతో నింపి వేస్తే ఏం లాభం? దిమ్మను పొడిగానే సుత్తితో పగలగొట్టి వాడండి.

అన్నం ముద్దలుగా పడితే లోపల గాలి దూరదు, గరిటెతో చిదిమి పరచాలి. పులుసు, సాంబారు నీళ్లు ఇంట్లోనే వంపేయమనండి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, బొండాలు, బొమికలు తొట్లో వద్దు. అవి నెలల తరబడి అలాగే ఉంటాయి.

బ్లీచింగ్ పౌడర్ ఈరోజే ఆపించండి. చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులనే అది చంపుతుంది.

సరిగ్గా కుదిరితే మూడో రోజుకో నాలుగో రోజుకో మధ్యలో 55 నుంచి 65 డిగ్రీల వేడి వస్తుంది. ఇనుప ఊచ గుచ్చి పది నిమిషాలాగి తీసి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. వారానికోసారి పారతో, ఫోర్క్‌తో తిరగెయ్యాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనపడితే తడి సరిపోయినట్టు. ధార కడితే ఆకులు వెయ్యండి, పొడిపొడిగా రాలిపోతే కాస్త నీళ్లు చల్లండి.

తొట్లు రెండు చాలవు. ఒక్కోటి 20 రోజుల్లో నిండుతుంది, నిండాక 40 రోజులైనా వదలాలి. మూడుంటే సరిపోతుంది, వానాకాలం కోసం నాలుగోది ఉంటే నయం.

లెక్కతో_చెప్తా

మెషీన్ సంగతి. 24 గంటల్లో ఎరువు కాదు. చాలా మెషీన్లు చేసేది చెత్తను వేడి చేసి ఎండబెట్టి పొడి చేయడమే. 35 కిలోలు 10 కిలోలయిందని చూపిస్తారు, పోయింది నీరు. ఆ పొడిని కుండీలో వేసి నీళ్లు పోస్తే రెండో రోజుకు బూజు, నాలుగో రోజుకు వాసన. దాన్ని మళ్లీ మట్టితోనో పాత కంపోస్టుతోనో కలిపి కొన్ని వారాలు మాగబెట్టాల్సిందే. అంటే తొట్టి ఎలాగూ తప్పదు.

కరెంటు లెక్క మీటింగ్‌లో పెట్టండి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ పడుతుంది, ఇది ఫిజిక్సు, ఏ కంపెనీ మెషీనైనా హీటరుతో ఎండబెడితే ఇంతకు తగ్గదు. 35 కిలోల్లో 25 కిలోల నీరు పోవాలంటే రోజుకు 17, 18 యూనిట్లు. నెలకు 500 పైమాటే. వేడి బయటికి పోవడం, మోటారు తిరగడం దీనికి అదనం.

ఇంకో రకం మెషీన్ ఉంది, చెత్తను ముక్కలు చేసి రంపపు పొట్టుతో కలిపి ఇస్తుంది. దాన్ని క్రేట్లలో మాగబెట్టాలి. అది మోసం కాదు, కూలి తగ్గిస్తుంది. కానీ 48 ఫ్లాట్లకు అవసరమని నేననుకోను. రెండు మూడు వందల ఫ్లాట్లున్న చోట ఆలోచించవచ్చు.

కొనాలనే తీర్మానిస్తే కంపెనీ వాళ్లను రెండు అడగండి: మీ చెత్తతోనే వారం నడిపి యూనిట్లు చూపించమని, బయటికి వచ్చిన సరుకును తడిపి గాలి దూరని కవర్లో మూడు రోజులుంచి తెరిచి చూపించమని.

వేపనీడ

పురుగుల గురించి ఎవరూ రాయలేదు. రెండు రకాలుంటాయి, తేడా చూడండి. తెల్లగా, సన్నగా, ఒక కొస మొన తేలి ఉంటే ఈగ పిల్లలు. చెత్త పైన కప్పు సరిగ్గా లేదని అర్థం, మూడంగుళాల ఎండు సరుకు కప్పితే తగ్గుతాయి. బూడిద, గోధుమ రంగులో చదునుగా, రెండు సెంటీమీటర్ల దాకా ఉంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. వాటిని చంపకండి. చెత్తను వేగంగా తినేస్తాయి. పెద్దయ్యాక ఆ ఈగ కుట్టదు, మన అన్నం మీద వాలి తినదు.

ఎవరైనా సున్నం వెయ్యమంటే వద్దనండి. నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, కళ్లు మండే ఘాటు మొదలవుతుంది.

మియాపూర్_48

చాలా థాంక్సండి, మీటింగ్‌కు కావలసిన లెక్క దొరికింది. రెండు సందేహాలు. ఇప్పుడు తొట్లలో ఉన్న బురదను ఏం చెయ్యాలి? రోజుకు 10 కిలోల ఎండుటాకులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఎరువుబుట్ట

బురద పారేయక్కర్లేదు. కానీ తీసే మనిషిని తొట్లోకి దింపకండి, తల లోపలికి వంచనివ్వకండి. గాలి ఆడని చోట ఆ కుళ్ళిన గుడ్ల వాసన వాయువు ప్రమాదం. మూత తీసి గంటసేపు వదిలి, బయటి నుంచే పొడుగు పిడి ఫోర్క్‌తో తోడించండి. గ్లవ్స్, బూట్లు, మాస్కు అసోసియేషనే కొనివ్వాలి. టార్పాలిన్ మీద వేసి, ఒకటిన్నర రెట్లు ఎండుటాకులు కలిపి మూడడుగుల కుప్ప చెయ్యండి. మూడు రోజులకోసారి తిరగెయ్యండి. మొదటి రెండు సార్లు వాసన తప్పదు, కిటికీల వాళ్లకు ముందే చెప్పండి. పాత కంపోస్టు నాలుగైదు కిలోలు దొరికితే కలపండి. పుల్ల మజ్జిగ, బెల్లం నీళ్లు చాలామంది చెప్తారు, ఎండిపోయిన కుప్పకు మంచివే, మీ బురదకు మాత్రం ఇంకో చుక్క నీరు వద్దు.

ఆకులకు కరువేం లేదు. ఫిబ్రవరి, మార్చిలో వేప, కానుగ చెట్ల కింద రోజూ గోనెల కొద్దీ రాలతాయి, చాలా చోట్ల తగలబెట్టేస్తారు కూడా. అప్పుడే గోనె సంచుల్లో నింపి వాన తగలని చోట పెట్టుకోవాలి. మామిడాకుల్లాంటి మందపాటివి నలపకుండా వేస్తే చాపలా అతుక్కుంటాయి. తక్కువైన రోజుల్లో కోత మిల్లు రంపపు పొట్టు కలపండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది.

తడి_పొడి

తొట్టి ఎంత బాగు చేసినా ఫ్లాట్ల నుంచి వచ్చేది తడి, పొడి కలిసిపోయి ఉంటే మళ్లీ ఇదే గతి. తడి చెత్తను నల్ల కవర్లో ముడేసి ఇవ్వడం మానిపించండి. కవర్లో రాత్రంతా ఉంటే తొట్టికి చేరకముందే కుళ్ళుతుంది, పైగా లోపల బ్లేడుందో డైపరుందో తెలియక ఒక మనిషి చేత్తో విప్పాలి. కవర్ లేని బకెట్, అడుగున పాత పేపరు. కలిపి ఇచ్చిన బకెట్‌ను గుమ్మం దగ్గరే తిప్పి ఇచ్చే అధికారం తీసుకెళ్లే ఆమెకు కమిటీ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది లేకుండా ఏ సర్క్యులరూ పనిచెయ్యదు.

పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి, అతుక్కుని ఉండేలా గాటు పెట్టండి. ఆ చిన్న ముక్కలే తొట్లోకి చేరి జల్లెడలో కూడా దిగిపోతాయి. ప్యాకెట్‌ను కడిగి ఆరబెడితే తుక్కువాళ్లు తీసుకుంటారు. చిప్స్ కవర్లకు రేటు రాదు, అయినా విడిగానే ఉంచండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి పైన ఎర్ర గుర్తు. ట్యూబ్‌లైట్ పగిలితే పాదరసం బయటికి వస్తుంది, పాత అట్టపెట్టెలో నిలువుగా దాచి ఈ-వేస్ట్ సేకరించే వాళ్లకే ఇవ్వండి.

ఎరువు తయారైందో లేదో చూడటానికి: 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కొంత మట్టితో కలిపి 20 మెంతి గింజలు చల్లండి. పక్కనే ఉత్త మట్టిలో ఇంకో 20. మట్టిలో 18 మొలిచి ఎరువు కలిపినదాంట్లో 10 మొలిస్తే ఇంకో రెండు వారాలు మాగనివ్వండి. కుండీలకు వేసేటప్పుడు మూడు పాళ్ల మట్టికి ఒక పాలు చాలు.