సెయింట్ మోరిట్జ్‌లో పాత ఇంటి భోజనం: ఏ గదిలో, ఏ పూట?

ప్రశ్న

వచ్చే ఫిబ్రవరిలో నేను, మా వారు, మా అత్తగారు కలిసి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌కు వెళుతున్నాం. స్కీయింగ్ చేసేది మా వారొక్కరే. నాకూ అత్తగారికీ ఆ ప్రాంతపు పాత ఇళ్లన్నా, బొమ్మలన్నా ఇష్టం కనుక, ఒక్క పూటైనా చెక్క గోడల పాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని భోంచేయాలని అనుకుంటున్నాం. అయితే ఇంటర్నెట్‌లో వెతికితే ప్రతి రెస్టారెంటూ తన వాతావరణం హాయిగా, కళాత్మకంగా ఉంటుందనే చెప్పుకుంటోంది. ఫొటోల్లోనూ ఎక్కడ చూసినా అవే కొవ్వొత్తులు, అవే గొర్రెతోళ్లు, గోడకు తగిలించిన అవే పాత స్కీలు. నిజంగా పాతది ఏదో, పాతదానిలా ముస్తాబు చేసింది ఏదో గుర్తుపట్టడం ఎలా? మా అత్తగారు శాకాహారి. వంటలో మద్యం కలిసినా ముట్టరు. ఆవిడ తినగలిగినవి అక్కడ ఏముంటాయి? టేబుల్ మధ్యాహ్నానికి బుక్ చేసుకోవాలా, రాత్రికా? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1

మీరు వెళుతున్నది ఎగువ ఎంగడీన్ లోయకు. ఆ లోయలో గోడ మీది పటం కన్నా ముందు గోడనే చూడాలని నా అభిప్రాయం. అక్కడి పాత రైతు ఇళ్లలో మనుషులూ, పశువులూ, ఎండుగడ్డీ అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. గడ్డి బండి నేరుగా లోపలికి వెళ్లగలిగేంత వెడల్పైన నడవా, దాని పక్కనే వంటగది, వంటగదిని ఆనుకుని నాలుగు వైపులా, పైకప్పుకు కూడా, ఆరోలా పైన్ చెక్క తాపిన ఒక చిన్న గది ఉండేవి. ఈ గదిని అక్కడ స్టూవా అంటారు. చలికాలంలో ఇల్లంతటికీ వెచ్చగా ఉండేది అదొక్కటే. మంచి రెస్టారెంట్లలో మీకు టేబుల్ వేసేది ఇలాంటి గదిలోనే.

అసలుదాన్ని గుర్తుపట్టాలంటే మొదట పొయ్యిని చూడండి. రాతితోనో గచ్చుతోనో కట్టిన పెద్ద పొయ్యి గదిలో ఒక మూల కనిపిస్తుంది కానీ, కట్టెలు పెట్టే నోరు మాత్రం గదిలో ఉండదు, గోడకు అవతల వంటగది వైపు ఉంటుంది. పొగా బూడిదా గదిలోకి రాకుండా వేడి మాత్రమే వచ్చేందుకు చేసిన ఏర్పాటు అది. ఆ తరవాత పొయ్యికి సరిగ్గా పైన కప్పులోకి చూస్తే మనిషి దూరగలిగేంత చిన్న తలుపొకటి ఉండవచ్చు. రాత్రిపూట దాన్ని తెరిస్తే వెచ్చదనం పై పడకగదిలోకి వెళ్లేది, పడుకునేవాళ్లు కూడా పొయ్యి మీదుగా ఎక్కి అందులోంచే పైకి పోయేవారు. పాతదనాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు కొవ్వొత్తులు పెడతారు, స్కీలు తగిలిస్తారు. పనికిరాని తలుపు కోసం కప్పుకు కన్నం పెట్టాలన్న ఆలోచన వాళ్లకు సాధారణంగా రాదు. చెక్క కూడా చెబుతుంది. ఆరోలా పైన్ కొండల మీద, ఇక చెట్లేవీ ఎదగలేని ఎత్తుల దాకా, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. చెక్కలో ఎర్రటి ముడులు దండిగా ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు పాలిపోయినట్టుండి, ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకు తిరుగుతుంది. వాసన మాత్రం దశాబ్దాలపాటు వదలదు.

ఊళ్లోనే చూడాలంటే చేసా వెల్యా అనే ఇల్లుంది. 1658 నాటి రైతు ఇల్లు అది; ఇప్పుడు బాద్రుట్స్ ప్యాలెస్ హోటల్ వారిది. లోపల పాట్రిట్సియర్ ష్టూబెన్, చదఫో గ్రిల్, హోయ్‌బోడెన్ పిజ్జేరియా అని వేరువేరు భోజనశాలలున్నాయి. అందువల్ల ఆ ఇంట్లో టేబుల్ కావాలని మాత్రమే రాస్తే సరిపోదు, ఏ గదిలో కావాలో కూడా రాయాలి. ఖర్చు మాత్రం బాగానే అవుతుంది, సిద్ధపడి వెళ్లండి.

ఇక పూట సంగతి. నేనైతే మధ్యాహ్నమే అంటాను. ఎంగడీన్ ఇళ్ల బయటి గోడల మీద ఉండే స్గ్రఫీతో పని పగటి వెలుతురులోనే కంటికి ఆనుతుంది. ముదురు రంగు గచ్చు మీద తెల్ల సున్నం పూసి, అది తడిగా ఉండగానే పైపొరను గీకితే, కిందున్న బూడిదరంగు గీతలుగా బయటపడుతుంది. సూర్యచక్రాలు, పువ్వులు, అలలు, చేపలు, సముద్రపు వింతజీవాలు కూడా అలా గీసి పెట్టారు, సముద్రానికి అంత దూరాన! గోడలు బాగా మందం కావడంతో చిన్న కిటికీల అంచులను వెలుగు లోపలికి వచ్చేలా గరాటులాగా బయటికి వాలుగా చెక్కారు. ఆ ఏటవాలు ఎండ చెక్క గోడ మీద పడ్డప్పుడు, చేతి చిత్రికతో నునుపు చేసిన పలక మీది సన్నని అలలు కనిపిస్తాయి. యంత్రంతో కోసిన పలక మీద అవి ఉండవు. ఫిబ్రవరిలో రాత్రి భోజనం వేళకు బయట అంతా చీకటే. అయితే కొన్ని గదులు సాయంత్రం మాత్రమే తెరుస్తారు, ముందుగా అడిగి తెలుసుకోండి.

జవాబు 2

గది గురించి పైన చెప్పారు కనుక నేను తిండి సంగతికే వస్తాను. ఫాండ్యూ మాంసం లేని వంటకం కాబట్టి శాకాహారులు తినవచ్చని చాలామంది సలహా ఇస్తారు. మీ అత్తగారికి అది కుదరదు. గ్రుయేర్, వాష్రాన్ చీజ్‌లను తెల్ల ద్రాక్షసారాయిలో కరిగించి, చివర్లో కిర్ష్ అనే చెర్రీ సారా కలపడం దాని పద్ధతి. చివర్లో కలుపుతారు కనుక మరిగి ఆవిరైపోతుందన్న భరోసా కూడా లేదు. రాక్లెట్‌లో మద్యం ఉండదు. కరిగిన చీజ్‌ను ఉడికించిన బంగాళాదుంపల మీదికి గీకి, దోసకాయ, చిన్న ఉల్లిపాయల ఊరగాయలతో పెడతారు. అయితే గ్రుయేర్ వంటి సంప్రదాయ స్విస్ చీజ్‌లలో పాలను విరగగొట్టడానికి వాడేది దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్. ఆవిడ పట్టింపు అంతదాకా ఉందో లేదో మీరే తేల్చుకోవాలి.

పేరు చూసి మోసపోయేవి మరో రెండున్నాయి. కాపున్స్ ఆకుకూర పొట్లాల్లా కనిపిస్తాయి కానీ, లోపలి పిండిముద్దలో సాధారణంగా ఎండుమాంసం ముక్కలుంటాయి. బార్లీ సూప్‌లోనూ అంతే, ఎండబెట్టిన గొడ్డుమాంసమో పంది మాంసమో పడుతుంది. బెర్నీనా కనుమ అవతలి లోయల నుంచి వచ్చిన పిజ్జోకెరి ఆవిడకు నప్పుతుంది: బక్‌వీట్ పిండి పట్టీలు, బంగాళాదుంప, క్యాబేజీ లేదా ఆకుకూర, వెన్న, చీజ్. అన్నిటికన్నా నిశ్చింతగా తినదగినది మాలున్స్. ముందురోజు ఉడికించి పెట్టిన బంగాళాదుంపలను తురిమి, గోధుమపిండి కలిపి, సన్నని సెగ మీద వెన్నలో చాలాసేపు వేయిస్తూ పోతే పొడిపొడిగా, బంగారు రంగు పలుకులుగా విడిపోతుంది. ఆపిల్ గుజ్జుతో తింటారు. చీజ్ ఇస్తే పక్కన పెట్టేయవచ్చు. ఇది పేదింటి వంట కనుక ఖరీదైన చోట మెనూలో ఉండకపోవచ్చు, బుక్ చేసేటప్పుడే అడగండి. గుడ్డు తింటారో లేదో మీరు చెప్పలేదు. పిజోకెల్ అనే చిన్న పిండిముద్దల వంటకంలోనూ, వాల్‌నట్లూ కారమెలూ నింపి కాల్చే ఎంగడీన్ టార్ట్ పైపిండిలోనూ మామూలుగా గుడ్డు ఉంటుంది.

జవాబు 3

మొదటి జవాబు రాసినవారితో పూట విషయంలో నేను ఏకీభవించను. మధ్యాహ్నం స్కీయింగ్ చేసేవారు కొండ మీదే తినేస్తారు కాబట్టి, మీ వారు మీతో కూర్చోవాలంటే రాత్రి భోజనమే దిక్కు. రాత్రే అయితే మువొట్టాస్ మురాయి అనే కొండ మీది హోటల్ గురించి కూడా ఆలోచించండి. 2,456 మీటర్ల ఎత్తున ఉన్న ఆ హోటల్‌కు 1907 నుంచి నడుస్తున్న ఫ్యూనిక్యులర్ రైలు (తాడుతో కొండ పైకి లాగేది) ఉంది, స్కీలు రాని పెద్దవారు కూడా సునాయాసంగా చేరుకోవచ్చు. అది పాత ఇల్లు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అక్కడ చూడవలసింది కింద వెలిగే లోయను. తిరుగు రైలు ఆఖరి వేళ కనుక్కుని మరీ కూర్చోండి.

బుకింగ్ మాత్రం ఆలస్యం చేయకండి. ఫిబ్రవరి ఆదివారాల్లో గడ్డకట్టిన సరస్సు మీద గుర్రప్పందాలు జరుగుతాయి, ఆ వారాంతాల్లో ఊరు కిక్కిరిసి ఉంటుంది. బిల్లులో సర్వీసు ఛార్జీ కలిసే ఉంటుంది కనుక, నచ్చితే పై మొత్తానికి సరిచేసి ఇస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మా వారు ఒక రోజు స్కీయింగ్ మానుకోవడానికి ఒప్పుకున్నారు, కనుక మధ్యాహ్నమే ఖాయం చేసుకున్నాం. మాలున్స్ గురించి రెస్టారెంటుకు ఈ రోజే రాస్తాను. అత్తగారు గుడ్డు తినరు, చీజ్ విషయంలో మాత్రం పట్టింపు లేదు. భోజనానికి ముందు ఆ ఊళ్లో కళకు సంబంధించి చూడదగినది ఏదైనా ఉందా? కూర్చోవడానికి ప్రత్యేకంగా ఏ టేబుల్ అడగాలి?

జవాబు 1 రాసినవారు

ముందుగా ఎంగడీన్ మ్యూజియానికి వెళ్లండి. 1906 నాటి ఆ భవనంలో పాత ఇళ్ల నుంచి ఊడదీసి తెచ్చిన స్టూవాలను గదులకు గదులుగా మళ్లీ అమర్చారు. పొయ్యి నోరు, కప్పులోని తలుపు, చెక్క మీది చెక్కడం అక్కడ దగ్గరగా చూశారంటే, గంట తరవాత మీరు కూర్చునే గది ఎంతవరకు అసలుదో మీరే చెప్పగలరు. ఆ భవనాన్ని కట్టిన వాస్తుశిల్పి నికొలాస్ హార్ట్‌మనే 1908లో కట్టిన సెగంటీని మ్యూజియంలో, జీవితం, ప్రకృతి, మరణం అనే మూడు పెద్ద చిత్రాలున్నాయి. చిత్రకారుడు జొవాన్నీ సెగంటీని వాటిలో ప్రకృతి చిత్రం మీద పని చేస్తూనే 1899లో పొంట్రెజీనా అనే ఊరి పైనున్న కొండ గుడిసెలో మరణించారు. దాన్ని భోజనం తరవాతకు పెట్టుకోండి, ఖాళీ కడుపుతో నిలబడి చూసేవి కావవి. రెండింటికీ తెరిచి ఉండే వేళలు చూసుకుని బయలుదేరండి.

టేబుల్ మాటకొస్తే, మధ్యాహ్నం కనుక మీ ఇద్దరికీ కిటికీ ఎదురుగా, అత్తగారికి పొయ్యిని ఆనుకుని ఉండే బల్ల మీద చోటు అడగండి. పొయ్యి నిజంగా వెలిగిస్తారో లేదో కూడా ఆ ఉత్తరంలోనే కనుక్కోండి. కొన్నిచోట్ల దాన్ని అలంకారంగానే ఉంచేశారు.