బ్యాగులో గంజాయి దొరికితే సెక్షన్ 50 ఎందుకు వర్తించదు?

పాతపోస్టాఫీసు: విశాఖ రైల్వేస్టేషన్లో పోలీసులు ఆపితే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయమని అడిగే హక్కు మత్తుమందుల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 50 ఇచ్చింది. ఆ హక్కు ఉందని పోలీసులే ముందుగా చెప్పాలని 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. భుజాన వేలాడే బ్యాగుకి మాత్రం వర్తించదట. ఇదేం న్యాయం?

ఉప్పుగాలి: అట కాదు మాస్టారూ, సుప్రీంకోర్టు మాటే. పవన్ కుమార్ కేసు, 2005. సెక్షన్ 50 ఒంటి సోదాకే. 2023లో రంజన్ కుమార్ చద్దా తీర్పూ అదే చెప్పింది.

పాతపోస్టాఫీసు: ప్యాంటు జేబుకి హక్కుంది, దాన్ని ఆనుకున్న సంచికి లేదా?

బఠాణీలబండి: లుంగీ మడతలో ఉంటే ఏ లెక్క? 😀

ఉప్పుగాలి: ఏజెన్సీ నుంచి దిగే సరుకు మొలలో దోపుకుని రారు. వాణిజ్య పరిమాణం అంటేనే 20 కిలోలు. అది ఏ జేబులో పడుతుందండీ?

పాతపోస్టాఫీసు: మా తమ్ముడి కొడుకు స్నేహితుడి బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు, అంతే. మధ్యవర్తుల రిపోర్టులో (సోదా పంచనామాలో) సాక్షిగా సంతకం పెట్టినాయన కోర్టుకొచ్చి, సోదా పొద్దున జరిగిందో సాయంత్రం జరిగిందో చెప్పలేక నీళ్లు నమిలాడు. సెక్షన్ 37 అడ్డుపడి బెయిల్ రాలేదు. నేరం చేయలేదనిపించే కారణాలు బెయిల్ దశలోనే చూపించాలంటే మావాడెక్కణ్నుంచి తెస్తాడు?

ఉప్పుగాలి: దానికీ సెక్షన్ 50కీ ఏం సంబంధం? గెజిటెడ్ అధికారి వచ్చినా బ్యాగులో సరుకు బ్యాగులోనే ఉంటుంది కదా.

నల్లకోటు జూనియర్: ఒక్క మాట. 1973 నాటి సుప్రీంకోర్టు పూరన్‌మల్ తీర్పు ప్రకారం సోదాలో తప్పు జరిగినా దొరికిన సాక్ష్యం చెల్లుతుంది. అమెరికాలో 1961 మ్యాప్ తీర్పు దీనికి తలకిందులు. మన దగ్గర సెక్షన్ 50 అరుదైన మినహాయింపు, అందుకే దాని కోసం ఇంత కొట్లాట.

పాతపోస్టాఫీసు: "బ్యాగులోనే ఉంటుంది" అన్నారే, అక్కడ ఎవరు పెట్టారో అక్కర్లేదా? మీరు డిపార్ట్‌మెంటా?

ఉప్పుగాలి: నోరు జాగ్రత్త. కొడుకుని డీఅడిక్షన్ సెంటర్ చుట్టూ తిప్పుతున్న తండ్రిని. వాడికి అమ్మినవాణ్ణి సరుకుతో పట్టుకున్నారు. కాగితంలో ఏదో తప్పని కేసు కొట్టేశారు. ఇప్పుడు మా వీధి చివర టీకొట్టు దగ్గరే కూర్చుంటాడు, నన్ను చూసి నమస్తే కూడా పెడతాడు. మీ హక్కులన్నీ వాడికే పనికొచ్చాయి.

పాతపోస్టాఫీసు: ఆ కాగితం తప్పు రాసింది నేనా, మావాడా? రాసినవాణ్ణి ఒక్క మాట అనరేం?

ఉప్పుగాలి: వాణ్ణీ అంటాను. కానీ వాడి తప్పుకి శిక్ష వాడికి పడాలి. అమ్మినవాణ్ణి వదిలేస్తే ఆ శిక్ష నాకు పడుతోంది.

పాతపోస్టాఫీసు: మరి మావాడు ఎవరి తప్పుకి లోపలున్నాడు?

బఠాణీలబండి: సోదాని వీడియో తీయాలంటున్నారుగా?

నల్లకోటు జూనియర్: అవును. 2024 జూలై 1 నుంచి, సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో సెక్షన్ 105. సోదాతో పాటు జాబితా రాయడం, సాక్షుల సంతకాలు అన్నీ రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి.

పాతపోస్టాఫీసు: మావాడిది అంతకు ముందు కేసు.

ఉప్పుగాలి: మాదీ అంతే.