స్టర్ట్ డెజర్ట్ పీ గింజలు మొలవడం లేదు, మొలిచినవి నిలవడం లేదు

ప్రశ్న (అడిలైడ్ నుంచి):

నమస్కారమండీ. 1961 నుంచి దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పంగా ఉన్న స్టర్ట్ డెజర్ట్ పీని, నడుమ నల్లని బొడిపెతో ఎర్రగా వేలాడే ఆ పువ్వును, మా పెరట్లో గింజ నుంచే పెంచాలని నా కోరిక. నర్సరీలో కొన్న గింజల్లో సగానికి పైగా వారాల తరబడి తడిలో ఉన్నా ఉబ్బనైనా ఉబ్బలేదు. మొలిచినవాటిని నాలుగాకులు వేశాక ట్రేలోంచి తీసి నేలలో నాటితే మొదలు మెత్తబడి వాలిపోయాయి. మాది వాన పడితే నీరు నిలిచే బంకమట్టి. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు (పెర్త్ నుంచి):

మీ గింజలు చెడిపోలేదు. వాటి పైపొట్టు నీటిని లోపలికి పోనివ్వదు. ఒక్క వానకే అన్నీ మొలిచి, ఆ తరువాతి ఎండకు అన్నీ మాడిపోకుండా ఎడారి మొక్కకు ఉన్న రక్షణ అది. మన ఊళ్లలో తుమ్మ గింజలను వేడినీళ్లలో నానబెట్టి విత్తేది కూడా ఇందుకే. గింజ మచ్చకు (కాయకు అతుక్కుని ఉన్న చోటుకు) ఎదురు వైపున పైపొట్టు కింద లేతరంగు కనిపించేంతవరకు గరుకు కాగితంతో రుద్ది, రాత్రంతా గోరువెచ్చని నీటిలో ఉంచండి. తెల్లారేసరికి ఉబ్బినవాటిని వెంటనే విత్తి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి.

ఇక నాటడం సంగతి. ఆకులు నాలుగే కనిపిస్తున్నా తల్లివేరు అప్పటికే చాలా లోతుకు దిగి ఉంటుంది, దాన్ని కదిలిస్తే మొక్క తట్టుకోలేదు. అందువల్ల పెరగవలసిన చోటనే నేరుగా విత్తడం మేలని నా అభిప్రాయం.

జవాబు (అడిలైడ్ నుంచి, మరొకరు):

గింజల విషయంలో పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ నేరుగా నేలలో విత్తడం పెర్త్ ఇసుక నేలలకు కుదిరినట్టు మన బంకమట్టికి కుదరదు. ఈ మొక్కకు ఎవరి పేరు పెట్టారో ఆ అన్వేషకుడు చార్లెస్ స్టర్ట్ 1844లో మొదలైన తన యాత్రలో ఈ పువ్వును చూసింది ఆస్ట్రేలియా లోపలి ఎడారుల్లో; అలాంటి నేలకు అలవాటుపడిన వేరు మన శీతాకాలపు చిత్తడిలో కుళ్లిపోతుంది. మీ మొక్కల మొదళ్లు మెత్తబడడానికి వేరు కదలడంతో పాటు ఈ తడి కూడా కారణమై ఉండవచ్చు.

వెడల్పాటి పీవీసీ గొట్టం ముక్కను ఎండ బాగా తగిలే చోట నిలబెట్టి, ముతక ఇసుక, సన్న కంకర ఎక్కువగా కలిపిన మట్టితో నింపి, శీతాకాలం వెళ్లిపోయి నేల వెచ్చబడ్డాక అందులోనే రెండు మూడు గింజలు విత్తండి. వేరు నిటారుగా దిగుతుంది, నీరు నిలవదు, తీగలు అంచుల మీదుగా కిందికి జారి పూలు చక్కగా కనిపిస్తాయి. నీళ్లు ఉదయం పూట, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. నూగుతో ఉన్న ఆ బూడిదరంగు ఆకులు తడవకూడదు. లేత మొక్కలను నత్తలు ఒక్క రాత్రిలోనే కొరికి పారేస్తాయి కనుక చీకటి పడ్డాక తప్పక చూసుకోండి.

జవాబు (మెల్‌బోర్న్ నుంచి):

దీన్ని ఏటా కొత్తగా విత్తుకునే మొక్కగానే భావించండి. ఎక్కువకాలం నిలవాలంటే మొలకను తడిని తట్టుకునే క్లయాంథస్ అనే దగ్గరి జాతి మొక్క వేరుమీద అంటుకట్టే పద్ధతి ఉంది, కానీ అంత లేత కాండంతో ఆ పని చేయడానికి చాలా నేర్పు కావాలి. ముందుగా గొట్టం పద్ధతినే ప్రయత్నించండి. కాయలను గోధుమరంగుకు తిరిగేదాకా మొక్క మీదే ఉంచి గింజలు తీసుకుంటే వచ్చే ఏటికి సరిపోతాయి. దారి పక్కన కనిపించిన మొక్కల నుంచి మాత్రం కోయవద్దు, అనుమతి లేకుండా సేకరించడం చట్టవిరుద్ధం.