కడపలోని మా లెక్కల కార్యాలయానికి విండోసా, ఉబుంటూనా?

కడపలో వ్యాపారుల లెక్కలు రాసే మా చిన్న కార్యాలయంలోని నాలుగు పాత కంప్యూటర్లలో విండోస్ 10 ఉంది. దాని సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేనందున విండోస్ 11కు అవి అర్హమైనవి కావు. కోడ్‌ను ఎవరైనా చూడగలిగే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటూకు మారదామంటే మా భాగస్వామి, "అందరికీ కనిపించే కోడ్ భద్రమెలా అవుతుంది?" అంటున్నారు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది కనుక, కోడ్ దాచడం కన్నా సవరణలు వేళకు ఎక్కించుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం; అయితే ఇంటర్నెట్‌లో వెళ్లే సమాచారాన్ని గుప్తీకరించే, కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2014 వరకు సుమారు రెండేళ్లు బయటపడలేదు కాబట్టి, తెరిచి ఉంచినంత మాత్రాన ఎవరో చూస్తారనీ అనుకోలేను.

మా లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది (అసలు తలనొప్పి అదే). ఒక కంప్యూటరును ఇంటర్నెట్ లేకుండా దానికే కేటాయించి, మిగిలిన మూడింటిలో ఉబుంటూ వేస్తే, పెన్‌డ్రైవుల ద్వారా వచ్చే ముప్పును ఎలా అరికట్టాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరా?