‘చెవులు గింగురుమనడం’ మెచ్చుకోలా?

ప్రశ్న: చెన్నై రిచీ స్ట్రీట్‌లో హోం థియేటర్ చూడడానికి వెళ్తే, తెలుగు తెలిసిన దుకాణదారు “200 వాట్ల యాంప్లిఫయర్ అండీ, చెవులు గింగురుమంటాయి” అని మెచ్చుకోలుగా చెప్పారు. మా ఇంట్లో ఈ మాట చెంపదెబ్బకే వాడతారు. ఏది సరైన వాడుక?

జవాబు: మా ఇంట్లోనూ అంతే. “గూబ గుయ్యిమంటుంది” అని కూడా అంటారు.

జవాబు: మీ ఇళ్లలోని వాడుకే సరైనదండీ. గింగురు అంటే బయటి చప్పుడు ఆగిపోయాక కూడా చెవి లోపల సాగే మోత. వైద్యులు టినిటస్ అనేది దీనినే. దానికి తోడు మనకు ‘దిబ్బడ’ ఉంది: చెవుల్లో దూది కుక్కినట్టు, ఎదుటివారి మాట దూరంగా వినబడటం. పెద్ద చప్పుడు విన్న తరువాత ఇలా జరిగితే, లోపలి చెవిలో చప్పుడును పట్టే రోమకణాలు దెబ్బతిన్నాయన్నమాట. చాలాసార్లు కొన్ని గంటల్లో తేరుకుంటాయి. చచ్చిపోయిన కణాలు మాత్రం మళ్లీ పుట్టవు. ‘చెవులకు చిల్లులు పడటం’ వినడానికి అన్నిటికన్నా భయంకరంగా ఉంటుంది గాని, చప్పుడుతో కర్ణభేరికి చిల్లు పడాలంటే పేలుడు లాంటిది కావాలి. ఇంట్లో భయపడవలసింది మెత్తగా వినిపించే ఆ రెండు మాటలకే.

ప్రశ్న: అయితే తక్కువ వాట్లది కొనడం మేలా?

జవాబు: కాదండీ. వాట్లు యాంప్లిఫయర్ సత్తువను చెబుతాయి, మీరు ఎంత చప్పుడు వింటారన్నది మీ చేతిలోని రిమోట్ చెబుతుంది. సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ (చప్పుడును కొలిచే ప్రమాణం) అని రాసి ఉన్న స్పీకరు ఒక్క వాట్‌తోనే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుంది. 10 వాట్లకు 97, 100 వాట్లకు 107. వందను రెండు వందలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అందుకోసం డబ్బు పోయనక్కరలేదు. అలాగని మరీ చిన్న యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోస్తే ధ్వని తరంగం శిఖరాలు తెగి, కీచుమనే వికృత ధ్వని వస్తుంది, ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకరు) కాలిపోవచ్చు కూడా.

చెవికి హద్దు వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పిన లెక్క 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. సగటున 92 డెసిబెల్స్ వద్ద రెండున్నర గంటల సినిమా ఒక్కటి చూస్తే వారం మొత్తానికి సరిపోయినట్టే! సినిమా అయ్యాక చెవి గింగురుమంటే హద్దు దాటారనే అర్థం.

ప్రశ్న: మరి మెచ్చుకోవడానికి ఏమనాలి?

జవాబు: “హాలు మారుమోగింది”, “ఇల్లు దద్దరిల్లింది” అంటాం కదా. గమనించండి, ఆ పొగడ్తలు గదికి చెందుతాయి, చెవికి కాదు. చెవికైతే ‘ఇంపు’ ఉంది. “మాటలు ఖణీగా వినబడుతున్నాయి” అన్నా నాకు నచ్చుతుంది, స్పీకరుకు అంతకన్నా మెప్పు లేదు. దిబ్బడకు మీ ప్రాంతంలో వేరే మాట ఉంటే ఇక్కడ రాయండి.