పెరంబూరులో పాత మిద్దె ఇల్లు: పెద్దాయన మెలికలు భరించి కొనాలా, వదిలేయాలా?

పిట్టగోడ:
చెన్నైలో పాత ఇల్లు కొన్నవాళ్లు, కొనబోయి వెనక్కి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి. పెరంబూరులో అర గ్రౌండు, అంటే 1,200 చదరపు అడుగులు, దాని మీద మద్రాసు టెర్రస్ ఇల్లు (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు మిద్దె). ఇల్లు అనడమే గానీ వంటింటి కప్పు ఒక మూల ఊడిపడింది, పిట్టగోడలో రావిమొక్క నా భుజం ఎత్తు పెరిగింది. అమ్మేది మన తెలుగాయనే, రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు, మేం బాబాయిగారు అని పిలుస్తున్నాం. మొదట కోటీ ఇరవై లక్షలన్నారు. మేం సరే అన్న వారానికి అది కోటీ ముప్పై రెండైంది, అందులో నలభై నగదుగా కావాలట. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆరు నెలలు అద్దె లేకుండా అక్కడే ఉంటారట. వీధి తలుపు, రెండు టేకు స్తంభాలు తీసుకెళ్తారట. పెరట్లో కరివేపాకు చెట్టు ఎప్పటికీ కొట్టబోమని అగ్రిమెంటులో రాసివ్వాలట (ఇది నిజం, నవ్వకండి). ఇంజినీరును తీసుకెళ్తే "నా ఇంటికి రోగాలు చెప్పడానికి వచ్చావా" అని గుమ్మంలోనే ఆపేశారు. కాగితాలన్నీ జిరాక్సులే. మా ఆవిడ వదిలేద్దామంటోంది. నాకేమో ఈ ధరకి ఇక్కడ నేల మళ్లీ దొరకదని టెన్షన్.

లెక్కలసారు:
కొనెయ్యి తమ్ముడూ. ఇంటికి సున్నా కట్టు, నువ్వు కొనేది నేల. తలుపు పోతే పోయింది, ఎలాగూ కూలగొట్టేదే కదా. కరివేపాకు చెట్టు రాసివ్వు, దాని కోసం ఎవడూ కోర్టుకెక్కడు. అయితే నగదు మాట మాత్రం ఒప్పుకోకు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్లకి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, ఆ ముక్క ఆయనకి చెప్పు. నలభై దాచి రాస్తే నీకు బ్యాంకు లోను తొంభై రెండు మీదే లెక్కవుతుంది, రేపు నువ్వు అమ్మినప్పుడు ఆ నలభై కూడా నీ లాభంలా కనపడుతుంది. మొత్తం రాస్తే స్టాంపు డ్యూటీ 7, రిజిస్ట్రేషన్ 2, కలిపి 9 శాతం, అంటే 11 లక్షల 88 వేలు. ఇది ముందే బడ్జెట్లో పెట్టుకో. 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (ఆయనకిచ్చే డబ్బులోంచి ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టే బాధ్యత కూడా నీదే.

కొళత్తూరు కోడలు:
సార్, మీరు తలుపులూ చెట్లూ అంటూ అసలు సంగతి దాటేశారు. ఒరిజినల్స్ ఎక్కడ? జిరాక్సు చూసి కోటి పైన పెట్టమని ఎలా చెప్తారు? విల్లంగం (అదే, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ) తీస్తే ఏమీ లేదని వస్తుంది, సరే, కానీ రిజిస్టర్ అయినవే అందులో కనపడతాయి. దస్తావేజులు ఎవరో వడ్డీ వ్యాపారి బీరువాలో పెట్టి చేబదులు తీసుకుంటే అది కనపడదు. ఇంకోటి, ఆ ఇల్లు ఆయన సంపాదించిందా, వాళ్ల నాన్నదా? నాన్న స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకీ కొడుకుతో సమానంగా వాటా. "పెళ్లప్పుడు ఇచ్చేశాం" అన్నది ఇళ్లల్లో చెల్లుతుంది గానీ కోర్టులో చెల్లదు.

లెక్కలసారు:
అమ్మా, ఈ ఊళ్లో పాత ఇల్లు అమ్మేవాళ్లలో పేచీ పెట్టనివాడిని ఒక్కడిని చూపించు. పేచీ పెడుతున్నాడని ప్రతిదీ వదులుకుంటూ పోతే జన్మంతా అద్దె ఇంట్లోనే.

కొళత్తూరు కోడలు:
పేచీ పెట్టినందుకు వదలమనట్లేదు. మాకు అమ్మినాయన బంగారం లాంటి మనిషి. వెళ్లినప్పుడల్లా ఫిల్టర్ కాఫీ, అడక్కుండానే యాభై వేలు తగ్గించాడు, తాళాలు ఇస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఏడు నెలలకి వాళ్ల చెల్లెలి దగ్గర్నుంచి లాయరు నోటీసు! ఇంకా తిరుగుతున్నాం, మా బాబు అప్పుడు రెండో తరగతి, ఇప్పుడు ఏడు. అందుకే ఈ బాబాయిగారి కోపం నాకు పెద్ద లెక్కలోకి రాదు, ఆయన దేని గురించి మాట్లాడట్లేదో అది చూడండి. తలుపు గురించి అంత మాట్లాడే మనిషి అక్కాచెల్లెళ్ల ఊసు ఒక్కసారైనా ఎత్తారా?

చింతాద్రిపేట పాతకాపు:
నేను మద్రాసు టెర్రస్ కిందే పుట్టాను కాబట్టి ఒక మాట. కూలగొట్టకుండా ఉంచుకోవాలనుకుంటే కప్పు మధ్యలో చూడకండి, దూలాలు గోడలోకి దిగే చోట చూడండి. టేకు మధ్యలో గట్టిగానే ఉంటుంది, గోడలో కూరుకున్న కొనలే చెమ్మకి ముందు కుళ్లుతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తెలిసిపోతుంది, ఇంజినీరు అక్కర్లేదు, కాఫీ తాగుతూ మీరే పొడవచ్చు. సున్నపు కప్పు మీద ఎవరైనా తెలివిగా సిమెంటు పూత వేయించి ఉంటే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక ఇంకా త్వరగా పాడవుతుంది. రావి వేరు గోడలోకి ఎంత దూరం పోయిందో కూడా చూడండి, పైన కొట్టేస్తే మళ్లీ వస్తుంది.

ఇక రిజిస్ట్రేషన్ తర్వాత ఆరు నెలలు ఉంటాననడం, దానికి మాత్రం చచ్చినా ఒప్పుకోకండి. ఆయనకి ఆరు నెలలు కావాలంటే అగ్రిమెంటులోనే ఆరు నెలల గడువు పెట్టి దాన్ని రిజిస్టర్ చేయించండి, ఖాళీ చేసి తాళాలిచ్చిన రోజే క్రయ దస్తావేజు. ఆయన ఉండాలనుకున్నన్నాళ్లూ ఉంటారు, మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

లెక్కలసారు:
ఈ గడువు మాట బాగుంది, ఒప్పుకుంటున్నా. ఒరిజినల్స్ విషయం కూడా... సరే, అడగాల్సిందే, లేకపోతే బ్యాంకు వాడే అడుగుతాడు. కానీ తమ్ముడూ, ఆలస్యం చేస్తే ఇంకో పన్నెండు పెంచుతాడు, రాసిపెట్టుకో.

పిట్టగోడ:
నిన్న సాయంత్రం వెళ్లొచ్చా. ఇంజినీరు లేడు, స్క్రూడ్రైవర్ జేబులో. వెనక గదిలో రెండు దూలాల కొనలు మైసూరుపాకులా విరిగాయి, మిగతావి గట్టిగానే ఉన్నాయి. నగదు మాటకి జరిమానా సంగతి చెప్తే కాసేపు తిట్టి, "సరే అంతా చెక్కే" అన్నారు. తర్వాత ఊరికే అడిగినట్టు "బాబాయిగారూ, మీకు తోడబుట్టినవాళ్లెవరూ లేరా" అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. లోపలికెళ్లి కరివేపాకు కోసుకొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, అప్పుడు చెప్పారు. ఇల్లు వాళ్ల నాన్నగారిదేనట, వీలునామా లేదు. గూడూరులో అక్క ఉందట. ఒరిజినల్స్ ఆవిడ ట్రంకు పెట్టెలోనే ఉన్నాయట. పదకొండేళ్లుగా మాటల్లేవు.

మా ఆవిడే, వదిలేద్దామన్న మనిషే, "మేం వెళ్లి అడుగుతాం, మీరూ రండి" అంది. ఆదివారం పొద్దున్న కారులో గూడూరు. ఆయన వస్తానన్నారు, కానీ కారు దిగనని షరతు.