అమ్మతో శ్రీలంక, డిసెంబరు చివర్లో: ఏవి చూడొచ్చు?

కావలి కుర్రాడు:
చెన్నై నుంచి ఫ్లైట్, చేతిలో ఆరు రోజులు. అమ్మకు 64, మోకాళ్ల నొప్పులు. సిగిరియా, ట్రింకోమలీ, కాండీ, గాలె అనుకుంటున్నాను. అమ్మ ఎక్కడ ఇబ్బంది పడుతుందో అని టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పెన్నా గట్టు, నెల్లూరు:
ముందు ట్రింకోమలీ తీసేయి తమ్ముడూ. మనల్ని ముంచే ఈశాన్య రుతుపవనాల వానే వాళ్ల తూర్పు తీరం మీదా పడుతుంది. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ అంచున కోనేశ్వరం గుడి ఎంతో బాగుంటుంది, కానీ మే నుంచి సెప్టెంబరు లోపు పోవాలి. డిసెంబరులో దక్షిణం, పడమర తీరాలే మేలు.

సిగిరియా మాత్రం వదలొద్దు. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు ఆ బండ మీద కోట కట్టుకున్నాడు. మెట్లు దాదాపు 1,200. మా నాన్న మెట్ల దారిలో ఇటుకలతో కట్టిన పెద్ద సింహం పాదాల దాకా వచ్చి ఆయాసంతో కూర్చుండిపోయాడు. ఆ ఇటుక గోళ్ల వంకే చూస్తూ, "నువ్వు పోయిరా, నాకు ఇది చాలు" అన్నాడు. పైన నేనొక్కడినే ఉన్నంతసేపూ మనసు ఆయన దగ్గరే ఉంది. మీ అమ్మను ఎక్కించొద్దు. కింద తోటలో కొలనులున్నాయి, వాటి పక్కన అప్పటి ఫౌంటెన్లున్నాయి. చిల్లులు పెట్టిన రాతి పలకల్లోంచి వానాకాలంలో ఇప్పటికీ నీళ్లు చిమ్ముతాయి. మీరు పోయేది ఆ రోజుల్లోనే.

ఒంగోలు అక్క:
గాలెకు ఒక సాయంత్రమంతా పెట్టు తమ్ముడూ. 1588లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టిన కోటను 1649 నుంచి డచ్చివాళ్లు పెంచారు. 2004 సునామీలో బయట ఊరు తుడిచిపెట్టుకుపోయినా, ఆ గోడలు లోపలివాళ్లను కాపాడాయి. ఆరోజే కొత్తపట్నం దగ్గర మా మేనమామ పడవ, వలలు పోయాయి. ఆ గోడ మీద నిలబడి అలలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అమ్మ మెల్లగా నడవొచ్చు, తొందరపెట్టకు.

ఉదయగిరి:
కాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మన దక్షిణాది నాయక రాజుల వంశంవాడు. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని తర్వాత వేలూరు కోటకు పంపారు, 1832లో చనిపోయాడు. కాండీలో బుద్ధుడి దంతం ఉంచిన గుడి, అదే దంతాలయం, దాని ముందున్న చెరువు ఆయన తవ్వించిందే. దంతాలయానికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

కావలి కుర్రాడు:
అమ్మకు అన్నీ చదివి వినిపించాను. ట్రింకోమలీ తీసేశాను, కాండీలో ఇంకో రాత్రి కలిపాను. చెరువు కట్ట మీద రోజూ పొద్దున్నే నడుస్తానంటోంది. అన్నా, మీ నాన్నగారు కూర్చున్న చోటు ఫోటో ఉంటే పెడతారా? అమ్మ అక్కడిదాకా అయినా వస్తానని పట్టుబడుతోంది.